గ్యాస్ ఎక్కించే ఫ్రిజ్ కాదు అది

ఎడిటర్ గారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ కోసం ఒక వ్యాసం వేశారు. కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న క్యాంపర్ ట్రైలర్ల గురించి అందులో నాలుగు పేరాలున్నాయి. మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయనీ, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ కూడా ఉంటుంది కాబట్టి మందులూ ఇన్సులినూ ఇంట్లో పెట్టుకున్నట్టే పెట్టుకోవచ్చనీ రాశారు. మిగతావి చాలా వరకు నిజమే. ఆ చివరి మాట దగ్గరే నా అసలు పేచీ.

నాది విజయవాడ. గవర్నర్‌పేటలో 38 ఏళ్ళు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేశాను. మోకాళ్ళు ఇక మా వల్ల కాదనేసరికి షాపు తమ్ముడి కొడుక్కి అప్పగించాను. ప్రస్తుతం కొలరాడోలో, డెన్వర్ పక్కన, మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. ఫ్రిజ్ సంగతి నాకొకళ్ళు చెప్పాలా అన్న ధీమాతోనే పోయిన జూలైలో ఆ ట్రైలర్ ఎక్కాను. ఒక్క రాత్రిలో దిగింది నా ధీమా.

అల్లుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, 14 అడుగుల ట్రైలర్. అందులో ఫ్రిజ్ మన నడుము ఎత్తు కూడా ఉండదు. అది మూడు రకాలుగా నడుస్తుంది: ఇంటి కరెంటు మీద (అక్కడ 120 వోల్టులు), కారు నుంచి వచ్చే 12 వోల్టుల మీద, లేదంటే ప్రొపేన్ గ్యాస్ మీద. బయల్దేరే ముందు ఒకటిన్నర రోజు ఇంటి ముందే కరెంటుకి తగిలించి ఉంచాం. ట్రేలో ఐసు గడ్డకట్టింది. అమ్మాయి ఇడ్లీ పిండి, పెరుగు, మసాలా పట్టించిన చికెన్, ఒక గ్యాలన్ పాలు, గోంగూర పచ్చడి సర్దింది. మా ఆవిడ ఇన్సులిన్ పెన్నులు తలుపు అరలో పెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికల్లా ఎస్టెస్ పార్క్ ఊరు దాటి, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ లోపల మా చోటుకి చేరాం. అక్కడ కరెంటు లేదు. ఇక గ్యాసే దిక్కు.

"మావయ్యగారూ, ఇది మీ డిపార్ట్‌మెంటు" అన్నాడు అల్లుడు.

నాబ్‌ని గ్యాస్ వైపు తిప్పి, నొక్కిపట్టి, పక్కనున్న ఎర్ర బటన్ కొట్టాలి. టక్కుమంటుంది, నిప్పురవ్వ పడుతుంది. ఫ్రిజ్ లోపల, కింది మూలలో, పావలా బిళ్ళంత గాజు కన్ను ఒకటి ఉంటుంది. అందులోంచి చూస్తే వెనకున్న మంట కనపడాలి. నేను ట్రైలర్ నేల మీద బోర్లా పడుకుని, కూరగాయల ట్రే పక్కకి తీసి, ఒక కన్ను మూసుకుని చూస్తున్నాను. అల్లుడు బటన్ కొడుతున్నాడు. పది సార్లు, ఇరవై సార్లు. అంతా చీకటి.

సిలిండర్ మార్చినప్పుడు గొట్టంలో గాలి చేరుతుంది. అది బయటికి పోయేదాకా గ్యాస్ రాదు. ఇది మన వంటింటి అనుభవమే. అందుకని ముందు పొయ్యి వెలిగించమన్నాను. రెండు నిమిషాల్లో పొయ్యి నీలంగా, నిలకడగా మండింది. అంటే సిలిండర్‌లో గ్యాస్ ఉంది, రెగ్యులేటర్ కూడా బాగానే ఉంది. ఆ తర్వాత ఫ్రిజ్ మూడో దెబ్బకే వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. నాబ్ మీద నుంచి నా బొటనవేలు తీశానో లేదో, ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే వెలుగుతుంది, వేలు తీస్తే ఆరుతుంది.

హోటళ్ళలో పాత గ్యాస్ గీజర్లు చూసినవాడిని కాబట్టి ఇది నాకు తెలిసిన జబ్బే. మంట కొసన రాగి రంగు పుల్ల ఒకటి ఉంటుంది, దాన్ని థర్మోకపుల్ అంటారు. మంట తగిలి అది వేడెక్కితే ఇరవై ముప్పై మిల్లీవోల్టులు పుడతాయి. ఆ కాస్త కరెంటే లోపల ఒక చిన్న అయస్కాంతాన్ని పట్టుకుని గ్యాస్ వాల్వు తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే పుల్ల చల్లబడుతుంది, వాల్వు మూసుకుంటుంది, గ్యాస్ ఊరికే బయటికి పోదు. బయట గోడకున్న జాలీ తలుపు తీసి చూస్తే పుల్ల నిండా మసి, పైగా మంటకి కాస్త పక్కకి జరిగి ఉంది. గ్యాస్ కట్టేసి, చల్లారనిచ్చి, సన్న ఎమెరీ కాగితంతో తుడిచి, తిన్నగా పెట్టి, నట్టు వేళ్ళతో బిగించి పైన పావు తిప్పు స్పానర్‌తో తిప్పాను. ఈసారి అర నిమిషం నొక్కిపట్టి వదిలితే మంట నిలిచింది.

అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి మా ఆవిడ తలుపు తీసి పెరుగు గిన్నె ముట్టుకుని చూసింది. లోపలి థర్మామీటర్ 54 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. 40 దాటకూడదు. నేను వెంటనే వెనక్కి వెళ్ళి చెవి ఆనించాను. చప్పుడే లేదు. ఎన్నేళ్ళ అలవాటు చూడండి: దాంట్లో కంప్రెసర్ ఉండదని తెలిసి కూడా చెవి పెట్టాను! తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట, గవర్నర్‌పేటలో వేల సార్లు అన్న మాట: "గ్యాస్ పోయుంటుంది. ఎక్కించాలి."

"గ్యాస్ నిండుగా ఉంది కదా నాన్నా, పొయ్యి వెలుగుతోందిగా" అంది అమ్మాయి.

నేనన్నది ఆ గ్యాస్ కాదు. మా వృత్తిలో గ్యాస్ అంటే ఫ్రిజ్ పైపుల్లో తిరిగేది. కానీ ఈ ఫ్రిజ్‌కి ఆ గ్యాస్ ఎక్కించడానికి దారే లేదు. చార్జింగ్ లైను ఉండదు, వాల్వు ఉండదు. అన్నీ ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసి మూసేసిన ఉక్కు పైపులు. అల్లుడు అక్కడి ఒక రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, చూడకుండానే వెనకున్న యూనిట్ మొత్తం మార్చాలని, వెయ్యి డాలర్ల పైనే అవుతుందని చెప్పారు. నేనూ చూడకుండానే చెప్పినవాడినే కాబట్టి వాళ్ళనేమీ అనలేకపోయాను.

మా ఆవిడ మాత్రం ఏమీ మాట్లాడకుండా ఇన్సులిన్ పెన్నులు తీసి, తువ్వాల్లో చుట్టి, ఐసు పెట్టెలో ఐసుకి తగలకుండా పైన పెట్టింది. పెట్టాక అంది: "ఏమండీ, ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేశారు. నాకు మాత్రం ఐసు పెట్టె."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడుకుని ఆలోచిస్తుంటే చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా ఊళ్ళో కరెంటు రాకముందు మిషన్ ఆస్పత్రిలో కిరోసిన్ ఫ్రిజ్ ఉండేది. టీకా మందులు అందులో దాచేవాళ్ళు. కింద దీపం వెలుగుతుంటే పైన ఐసు! మా పిల్లలకి అదొక ఇంద్రజాలం. కాంపౌండర్ గారు రోజూ పొద్దున్నే నేల మీద కూర్చుని, చేతి అద్దం ఒకటి ఫ్రిజ్ కిందికి దూర్చి మంట రంగు చూసేవారు. నీలంగా కాక పసుపుపచ్చగా ఉంటే వత్తి కత్తిరించేవారు. ఆయన ఫ్రిజ్ పైపుల వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన చూపంతా మంట మీదే.

ఇంకో సంగతి కూడా తట్టింది. ఇంటి దగ్గర ఇదే ఫ్రిజ్ కరెంటు మీద ఐసు కట్టింది. కరెంటు మీద నడిచేటప్పుడు లోపల జరిగేదేమిటి? మంట చేసే పనే ఒక చిన్న హీటర్ చేస్తుంది, అంతే తేడా. మిగతా పైపులన్నీ అవే. కాబట్టి పైపుల్లో లోపం లేదు. వెయ్యి డాలర్ల మాట అబద్ధం. లోపం ఉంటే మంట దగ్గర ఉండాలి, లేదా ఇంటి దగ్గరికీ ఇక్కడికీ మారిన ఇంకేదో అయ్యుండాలి. ఈ ఒక్క పరీక్ష ముందే చేసుంటే సాయంత్రమంతా కలిసొచ్చేది. (కరెంటు మీద కూడా చల్లబడకుండా, పైపుల్లో తిరిగే అమ్మోనియా వాసన కొట్టినా, వెనక పైపుల మీద పసుపు పొడి కనపడినా, అప్పుడు యూనిట్ పోయినట్టే. వెంటనే ఆపేసి తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలి. లోపల మండే వాయువు హైడ్రోజన్ కూడా ఉంటుంది.)

తెల్లవారి గ్యాస్ కట్టేసి, మా అమ్మాయి పౌడర్ డబ్బా అద్దం తీసుకుని జాలీ తలుపు ముందు కూర్చున్నాను. అద్దంలో బర్నర్ కింది భాగం కనపడింది. గాలి పీల్చుకునే రంధ్రాలకి అడ్డంగా తెల్లగా, దూది పల్చగా పరిచినట్టు సాలెగూడు. బర్నర్ పైన పొగగొట్టం లోంచి రాలిన తుప్పు పెచ్చులు, మినప్పొట్టంత ముక్కలు. గ్యాస్ వస్తోంది, గాలి అందడం లేదు. అందుకే ముందు రోజు మంట పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగింది. దానికి తోడు మేమున్నది 8 వేల అడుగుల ఎత్తు. 5,500 అడుగులు దాటితే చల్లదనం తగ్గొచ్చనీ, మంట ఆరిపోవచ్చనీ ఇలాంటి ఫ్రిజ్‌ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. డెన్వరే 5,280 అడుగుల మీద ఉంది. అసలే పల్చని గాలి, దానికీ సాలీడు గుడ్డ కట్టింది.

పెచ్చులు పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పొగగొట్టంలో సీసాలు కడిగే బ్రష్ తిప్పాను. గొట్టం లోపల వేలాడే మెలిక రేకు తీసి తుడిచి, మళ్ళీ అంతే ఎత్తులో వేలాడదీశాను. తర్వాత బర్నర్‌లోకి గ్యాస్ వదిలే జెట్ విప్పాను. దాని రంధ్రం వెంట్రుకంత. అల్లుడు చొరవగా పిన్నీసు అందించాడు. "ఆగు బాబూ" అని చెయ్యి పట్టుకున్నాను. పొయ్యి బర్నర్ పొడిచినట్టు దీన్ని పొడిస్తే రంధ్రం పెద్దదై, మంట ఎప్పటికీ కుదరదు. మందుల డబ్బాలో ఉన్న స్పిరిట్ గిన్నెలో పోసి అరగంట నానబెట్టి, ఊది ఆరబెట్టాను. బిగించాక జాయింట్ల మీద సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. అగ్గిపుల్ల పెట్టి చూసే వీరులు మన దగ్గరా ఉన్నారు, అక్కడా ఉన్నారు. మళ్ళీ వెలిగిస్తే మంట నీలంగా, సూటిగా, బుస్సుమని సన్నటి చప్పుడుతో లేచింది.

రెండు గంటల తర్వాత థర్మామీటర్ 57. మనవడు నవ్వాడు.

వాడి జేబులో గోళీ ఉంది. అడిగి తీసుకుని ఫ్రీజర్ అర మీద పెట్టాను. జర్రున పక్కకి దొర్లి గోడకి కొట్టుకుంది. మళ్ళీ పెడితే మళ్ళీ అటే. మేము ట్రైలర్ నిలిపిన చోటే ఒక పక్కకి వాలుగా ఉంది. మనిషికి ఆ వాలు తెలియడం లేదు గానీ ఆ ఫ్రిజ్‌కి ప్రాణం పోతోంది.

ఎందుకో చెబుతాను. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది ఆవిరి వల్లే కదా, ఇక్కడా అంతే. అడుగున మంట, నీళ్ళలో కరిగిన అమ్మోనియాని మరిగిస్తుంది. గంజి పొంగినట్టు బుడగలే ద్రవాన్ని సన్న గొట్టంలో పైకి నెడతాయి. విడిపోయిన అమ్మోనియా పైన వేడి వదిలేసి ద్రవమవుతుంది, జారి ఫ్రీజర్ పైపులోకి వచ్చి, అక్కడున్న హైడ్రోజన్‌లో కలుస్తూ మళ్ళీ ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడే పెట్టెలోని వేడిని లాగేస్తుంది. పక్కన దిగుతున్న నీళ్ళు ఆ అమ్మోనియాని మళ్ళీ పీల్చుకుని మంట దగ్గరికి చేరతాయి. పంపు లేదు, మోటారు లేదు. పైకి నెట్టేది మంట, కిందికి దింపేది వాలు. ట్రైలర్ ఒరిగితే ఆ వాలు చెడి ద్రవం పైపుల్లో ఎక్కడో నిలిచిపోతుంది. కింద మంట మాత్రం ఖాళీ గొట్టాన్ని కాలుస్తూనే ఉంటుంది. అలా ఎక్కువ సేపు నడిస్తే లోపల తుప్పు పట్టకుండా కలిపిన మందు గట్టిపడి గొట్టం పూడుకుపోతుంది. అప్పుడు వెయ్యి డాలర్ల మాట నిజమవుతుంది. పక్కవాటున 3 డిగ్రీలు, ముందు వెనకలకి 6 డిగ్రీలు మించి ఒరగకూడదన్నది మామూలు లెక్క. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఫరవాలేదు, కుదుపులకి ద్రవం ఎటూ నిలవదు. ప్రమాదమంతా నిలిపి ఉంచినప్పుడే.

1922లో స్వీడన్‌లోని స్టాక్‌హోంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, వాన్ ప్లాటెన్, ముంటర్స్ ఈ రకం ఫ్రిజ్‌ని కనిపెట్టారు. 1925 నుంచి ఎలక్ట్రోలక్స్ కంపెనీ వాళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. ఐన్‌స్టీన్ కూడా ఇంకొకాయనతో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ ఒకటి చేసి 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నాడని మనవడు ఫోన్‌లో వెతికి చూపించాడు. విజయవాడ హోటల్ గదుల్లో చప్పుడు చేయని మినీబార్ ఫ్రిజ్‌లు చాలా వరకు ఈ జాతివే. అవి చల్లబడకపోతే మార్చేయించడమే గానీ, ఒక్కటి కూడా విప్పి చూడలేదు నేను. ఐటీఐలో మాకు పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది, పరీక్షకి వేసి మర్చిపోయాం.

మంట ఆర్పి, కారు మళ్ళీ తగిలించి, ఒక చక్రం కింద రెండు చెక్కలు వేసి ట్రైలర్ ఎక్కించాం. చక్రాలకి అడ్డులు పెట్టాం. గోళీ ఫ్రీజర్ మధ్యలో కదలకుండా నిలబడింది. మంట వెలిగించి, తలుపు ఎవరూ తీయకూడదని ఆర్డరు వేశాను. ఈ ఫ్రిజ్ మన ఫ్రిజ్‌లా గంటలో చల్లబడదు. నాలుగైదు గంటలకి కాస్త తెలుస్తుంది, పూర్తిగా దిగడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. మధ్యాహ్నం వెనక చెయ్యి పెట్టి చూస్తే పైన రెక్కల పైపు వేడిగా, కింది చుట్టలు గోరువెచ్చగా ఉన్నాయి. అలా ఉంటే ద్రవం తిరుగుతున్నట్టే. (మంట దగ్గరి గొట్టం మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.) సాయంత్రం 48. మర్నాడు పొద్దున గ్లాసు నీళ్ళలో ముంచిన థర్మామీటర్ 38 చూపించింది. గోంగూర పచ్చడికి ఏమీ కాలేదు, అది దేనికీ లొంగదు. చికెన్ మొదటి రాత్రే పారేశాం. ఇడ్లీ పిండి పొంగి మూత నెట్టేసింది.

ఇప్పుడు మీ వ్యాసం సంగతి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, అంటే 36 నుంచి 46 ఫారెన్‌హీట్. ఈ ఫ్రిజ్ గ్యాస్ మీద చెడితే 57కి వెళ్తుందని మేం చూశాం. బాగా నడిచినా ఇంకో గండం ఉంది: లోపల వెనక గోడకి అల్యూమినియం రెక్కలు ఉంటాయి, వాటికి ఆనించి పెట్టిన వస్తువు గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికి రాదు, పారేయాల్సిందే. వాడుతున్న పెన్ను అయితే చాలా రకాలకి మామూలు గది వేడిలో 28 రోజుల దాకా ఉంటుంది, డబ్బా మీద చూసుకోండి. అందుకని ఒక రోజంతా థర్మామీటర్ చూశాకే మందులు అందులో పెట్టాలి. అప్పుడైనా రెక్కలకి దూరంగా పెట్టాలి.

12 వోల్టుల గురించి కూడా వ్యాసంలో కరెంటు లేని చోట బ్యాటరీ మీద నడుపుకోవచ్చన్నారు. అది కారు ఇంజను నడుస్తున్నప్పటి మాట. 10 ఆంపియర్ల పైనే లాగుతుంది, నిలిపిన ట్రైలర్ బ్యాటరీ తెల్లారేసరికి చచ్చిపోతుంది. పైగా దానితో ఉన్న చల్లదనం నిలుస్తుంది గానీ కొత్తగా చల్లబడదు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పసుపుపచ్చ మంట అంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుండొచ్చు, దానికి వాసన ఉండదు. ట్రైలర్లో దాని అలారం, గ్యాస్ లీకు అలారం రెండూ ఉంటాయి. ప్రొపేన్ గాలి కంటే బరువు, మన ఇంటి గ్యాస్ లాగే నేల పట్టి పాకుతుంది కాబట్టి రెండోది కింద పెడతారు. అది అడ్డంగా ఉందనో, కూత పెడుతోందనో పీకేసేవాళ్ళని చూశాను. అల్లుడి ట్రైలర్లో అలారం మీద రాసిన గడువు దాటి చాలా కాలమైంది. ఇంటికి రాగానే రెండూ కొత్తవి పెట్టించాను. పెట్రోలు కొట్టించడానికి బంకులోకి తిరిగే ముందే ఫ్రిజ్ మంట ఆర్పాలన్న సంగతి కూడా అల్లుడికి నేనే చెప్పాల్సి వచ్చింది.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఇన్సులిన్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం సవరిస్తూ రెండు లైన్లు వేస్తే చాలు. మా ఆవిడ మీ పత్రిక ఫోన్‌లో రోజూ చదువుతుంది. నేను చెబితే నమ్మడం మానేసింది, మీరు వేస్తే నమ్ముతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫ్రిజ్ మెకానిక్,
గవర్నర్‌పేట, విజయవాడ
(ప్రస్తుతం డెన్వర్ దగ్గర నుంచి)